రావు సారు చెప్పిన నంబర్లు

జనవరిలో ఒక ఆదివారం పొద్దున రామచంద్రం బోరబండలోని తన ఇంట్లో కిటికీ పక్కన చాప వేసుకుని, దాని మీద గ్రాఫ్ కాగితం పరుచుకుని కూర్చున్నాడు. అరవై తొమ్మిదేళ్ల మనిషి. బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో ఇరవై మూడేళ్లు లేత్ మెషిన్ నడిపాడు. ఫ్యాక్టరీ మూతపడి కూడా అంతే కాలం అయింది. అయినా చేతిలో పెన్సిల్ పట్టుకుంటే ఇప్పటికీ గీత వణకదు.

కాగితం మీద రెండు గీతలున్నాయి. నీలం గీత తనది. ఎర్ర గీత రామ్మోహనరావుది. అదే ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసిన రావు, రామచంద్రం కంటే రెండేళ్లు పెద్దవాడు. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికని వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. రామచంద్రం చేసిన ప్రతి ముక్కా రావు చేతిలో కొలత సరిపోయాకే బయటికి వెళ్లేది. నలభై ఏళ్ల పరిచయంలో రామచంద్రం ఆయన్ని ‘సార్’ అనడం మానలేదు. ఆయన రామచంద్రాన్ని ‘ఏమోయ్’ అనడం మానలేదు.

ఈ గీతలు మొదలైంది 2018లో. పాత కార్మికుల సంఘం వాళ్లు పెట్టిన వైద్య శిబిరానికి ఇద్దరూ కలిసే వెళ్లారు. రాత్రుళ్లు ఎన్నిసార్లు లేస్తున్నారని అక్కడి డాక్టరు అడిగితే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి గురించి ఆయన బొమ్మ గీసి మరీ చెప్పాడు. పీఎస్‌ఏ అనే రక్తపరీక్ష చేయించి, ఇద్దరికీ భయపడాల్సింది లేదన్నాడు. “కానీ ఒక్కసారి చేయించి వదిలెయ్యకండి. ఆరు నెలలకోసారి ఇంటికే వచ్చి రక్తం తీసుకెళ్తారు. నంబరు రాసి పెట్టుకోండి. మామూలుగా నాలుగు లోపుంటే పరవాలేదంటాం. అయినా ఒక్క నంబరు కంటే అది ఎటు పోతోందన్నది ముఖ్యం” అన్నాడు.

ఆ మాట ఇద్దరికీ వెంటనే ఎక్కింది. ఫ్యాక్టరీలో వాళ్లు చేసిందీ అదే. గంటకోసారి ముక్క కొలిచి, గోడకు తగిలించిన కాగితం మీద చుక్క పెట్టేవారు. చుక్కలు ఒకే వైపు నడుస్తుంటే, ముక్క ఇంకా బాగానే ఉన్నా, పనిముట్టు అరుగుతోందని అర్థం. శిబిరం నుంచి తిరిగొస్తూ దారిలోనే రావు గ్రాఫ్ కాగితాలు కొన్నాడు. చుక్కలు పెట్టే పని రామచంద్రానిది.

మొదటి మూడేళ్లు ఇద్దరూ బోరబండ ఇంట్లోనే పరీక్ష చేయించుకున్నారు. రావు అప్పుడు మూసాపేటలో ఉండేవాడు. జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి పొద్దున్నే వచ్చేసేవాడు. రెండు రోజుల ముందే ఫోన్ చేసి, “సైకిల్ ముట్టుకోకోయ్. నంబరు పెరుగుతుందన్నాడు డాక్టరు” అని గుర్తుచేసేవాడు. ఏడింటికి ల్యాబ్ అమ్మాయి స్కూటీ మీద వచ్చి ఇద్దరి దగ్గరా రక్తం తీసుకునేది. ఆమె వెళ్లగానే రామచంద్రం భార్య సత్తెమ్మ వేడివేడిగా సర్వపిండి చేసిపెట్టేది.

“ఇద్దరు ముసలోళ్లు ఆర్నెల్లకోపారి పండుగ చేసుకుంటుండ్రు” అని నవ్వేది సత్తెమ్మ.

నిజంగానే అది పండుగలా ఉండేది. సర్వపిండి తింటూ మధ్యాహ్నం దాకా పాత సంగతులే. పొద్దున ఆరున్నరకు మోగే సైరను, టీ బండి చుట్టూ ఎండలో నిలబడ్డ మనుషులు, చేతులు ఎంత కడిగినా పోని నూనె వాసన. సెలవు రోజుల్లో ఇద్దరూ సైకిళ్ల మీద మాదాపూర్ దాకా వెళ్లేవారు. అప్పుడక్కడ రాళ్లగుట్టలు, సీతాఫలం చెట్లు తప్ప ఏమీ ఉండేవి కాదు. గుట్టెక్కి కూర్చుని పళ్లు తిని, గింజలు ఎవరు దూరం ఉమ్ముతారని పందెం వేసుకునేవారు. ఫ్యాక్టరీలో ముఖం మీద నవ్వే కనిపించని రావు సారు ఆ గుట్ట మీద చిన్న పిల్లాడయ్యేవాడు.

తరువాత రావు కొడుకు ఉదయ్ భాస్కర్ గచ్చిబౌలిలో ఫ్లాటు తీసుకుని తల్లిదండ్రులను తన దగ్గరికి తీసుకెళ్లాడు. ఎవరి ఇంట్లో వాళ్లు రక్తం ఇవ్వడం, సాయంత్రానికి ఫోన్లో నంబర్లు చెప్పుకోవడం మొదలైంది. మొన్న శుక్రవారం కూడా రావు ఫోన్ చేసి, “నాది రెండు పాయింట్ తొమ్మిది. రాసుకో” అన్నాడు.

ఆ చుక్క పెడుతుంటే మనవరాలు యశస్విని వచ్చి పక్కన కూర్చుంది. కొడుకు రవీందర్ కూతురు. హైటెక్ సిటీలో ఉద్యోగం.

“తాతా, ఇదంతా ఫోన్ల ఎక్కిస్త అంటే వినవు కదా” అంటూ కాగితం మీదికి వంగింది. “అరె, రావు తాతది చూడు ఎంత మంచిగున్నదో. రెండున్నరేండ్ల సంది ఒక్కటే లెవెల్. నీదే పైకి కిందికి గెంతుతున్నది.”

రామచంద్రం నవ్వబోయి ఆగిపోయాడు.

కళ్లజోడు సర్దుకుని చూశాడు. మొదట్లో ఎర్ర గీత కూడా తనదానిలాగే ఊగింది. రెండు పాయింట్ నాలుగు, రెండు పాయింట్ తొమ్మిది, రెండు పాయింట్ రెండు, మూడు పాయింట్ ఒకటి, ఇలా. ఆ తరువాత ఆరు చుక్కలు, అన్నీ రెండు పాయింట్ మీదే. తొమ్మిది, ఎనిమిది, తొమ్మిది, తొమ్మిది, ఎనిమిది, తొమ్మిది. స్కేలు పెట్టి గీసినట్టున్నాయి.

పెన్సిల్ చాప మీద పెట్టేశాడు.

1988లో రవీందర్‌కు పదేళ్లప్పుడు టైఫాయిడ్ వచ్చి దవాఖానలో ఉన్నాడు. ఒక రోజు రామచంద్రం నూట ఇరవై ఇనుప బుష్షులు, గొట్టంలాంటి చిన్న ముక్కలు, చేసి, ఒక్కొక్కటీ కొలిచి రాయాలి. షిఫ్టు అయ్యేలోపు కొలవడం కుదరదు. కొడుకు దగ్గరికి పోవాలి. ఓ ఇరవై కొలిచి, మిగతావాటికి మనసుకు తోచిన అంకెలు రాసేశాడు. కాగితం చూసిన రావు అరనిమిషం కూడా తీసుకోలేదు.

“ఇవి కొలిచినవి కావు రామచంద్రం” అన్నాడు నెమ్మదిగా. “నిజంగా కొలిస్తే అంకెలు ఇంత బుద్ధిగా ఉండవు.”

ఉద్యోగం పోయిందనే అనుకున్నాడు రామచంద్రం. రావు మాత్రం ఎవరికీ చెప్పలేదు. “నువ్వు పిల్లాడి దగ్గరికి వెళ్లు” అని, చొక్కా చేతులు మడుచుకుని, ఆ వంద బుష్షులూ తానే కొలవడానికి కూర్చున్నాడు. మర్నాడు పొద్దున కాగితం నిండా అసలు అంకెలు ఉన్నాయి. ఆ సంగతి మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు.

“ఏమైంది తాతా?” అంది యశస్విని.

“ఏం లేదు బిడ్డా. రావు సారు దగ్గరికి పోయొస్త” అని లేచాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

లోకల్ రైలెక్కి హైటెక్ సిటీ స్టేషన్లో దిగాడు. అక్కడి నుంచి ఆటో. ఎప్పుడు ఈ దారిన వచ్చినా తమ గుట్ట ఎక్కడుండేదో కళ్లతో వెతుక్కోవడం అతనికి అలవాటు. ఆ రోజు అద్దాల మేడలన్నీ అలా దాటిపోతున్నా తల తిప్పలేదు. రావుతో మాట ఎలా మొదలుపెట్టాలన్నదే ఆలోచన.

రావు అపార్ట్‌మెంటు కింద నడక దారి పక్కన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. దసరాకు చూసినప్పటి మనిషి కాదు.

“ఏమోయ్, చెప్పకుండా ఊడిపడ్డావ్?” అన్నాడు సంబరంగా. “పైకి పద, కాఫీ తాగుదాం.”

రామచంద్రం కదల్లేదు. పక్కన కూర్చుని కాగితం విప్పాడు. ఆరు చుక్కల మీద వేలు పెట్టాడు.

“ఈ రీడింగులు ఎవరు తీసిండ్రు సార్?”

రావు ముఖంలో నవ్వు కొంచెంసేపు అలాగే ఉండి, తరువాత పోయింది. నడక దారి మీద ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటూ దాటి వెళ్లేదాకా ఆగాడు.

“ఎవరూ తీయలేదు” అన్నాడు చివరికి.

“ఒక్కటి గూడనా?”

“మొదటి రెండూ తీయించాను. ఒకసారి మూడు పాయింట్ ఏడు వచ్చింది. తరువాత నాలుగు పాయింట్ ఆరు. నీకు రెండు పాయింట్ తొమ్మిదనీ ఎనిమిదనీ చెప్పాను. ఆ తరువాత ఇక తీయించనే లేదు. రెండేళ్లయింది.”

“ఎందుకు సార్?”

“మా అన్నయ్యని చూశాను కనక.” రావు తల వంచుకుని అరచేతులు చూసుకున్నాడు. “ఇదే జబ్బుకి రాజమండ్రిలో ఆపరేషన్ చేశారు. తరువాత ఏడాదిపాటు గొట్టం, సంచీ. అది తీసేశాక కూడా ఆపుకోలేకపోయేవాడు. పెద్ద హెడ్మాస్టరు, ఊరంతా లేచి నమస్కారం పెట్టిన మనిషి, గదిలోంచి బయటికి రావడం మానేశాడు. నన్ను కూడా లోపలికి రానిచ్చేవాడు కాదు. తలుపు అవతల నుంచే మాట్లాడేవాడు. అలా బతకడం కంటే తెలియకుండా పోవడమే నయమనిపించింది. ఎప్పుడు పోతే అప్పుడు పోతానని ఊరుకున్నాను.”

“ఇంట్ల అమ్మగారికి ఎర్కనా?”

“సుందరికి తెలీదు. ఉదయ్‌కీ తెలీదు. అడిగితే నీకు చెప్పిన నంబరే వాళ్లకీ చెప్పాను.”

రామచంద్రానికి ఒక్కసారిగా కోపమొచ్చింది. నలభై ఏళ్లలో మొదటిసారి ‘మీరు’ బదులు ‘నువ్వు’ అనేశాడు.

“నువ్వు పోతే నీకేం ఎర్కయితది? ఎన్క ఉండేటోళ్లకు గదా ఎర్కయ్యేది! ఆర్నెల్లకోపారి ఫోన్ జేసి రాసుకోమంటివి. నేను పిచ్చోని లెక్క రాసుకుంట కూసున్న. నా పోరగాడు దవాఖానల ఉన్నప్పుడు నా వంద బుష్షులు నువ్వు గొలిచినవ్. గిప్పుడు నీ ఒక్క సుక్క కోసం నేను రానా? నాకెందుకు జెప్పలే?”

రావు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుస్తూనే ఉన్నాడు.

“నీకు చెబితే తీసుకెళ్తావని” అన్నాడు.

ఆ రోజు రామచంద్రం తిరిగి వెళ్లలేదు. సత్తెమ్మకు ఫోన్ చేసి చెప్పి, రావు ఇంట్లోనే పడుకున్నాడు. భోజనాల దగ్గర రావు భార్య బాలాత్రిపురసుందరికీ, ఉదయ్ భాస్కర్‌కూ రావు తానే విషయం చెప్పాడు. ఉదయ్ కంచం ముందు నుంచి లేచి బాల్కనీలోకి వెళ్లిపోయాడు. సుందరమ్మ మాత్రం లేవలేదు. “ఇన్నాళ్లూ ఒక్కరే మోశారా?” అని, భర్త కంచంలో ఇంకాస్త పెరుగు వేసింది. 

మర్నాడు పొద్దున ఏడింటికి ల్యాబ్ నుంచి ఒకమ్మాయి వచ్చింది. రావు చొక్కా చెయ్యి మడిచి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు. సాయంత్రానికి ఉదయ్ ఫోన్‌కు నంబరు వచ్చింది. పదకొండు పాయింట్ మూడు.

తరువాతి నెలంతా స్కానింగులు, ముక్క తీసి చేసే పరీక్ష, మళ్లీ స్కానింగులు. డాక్టరు ఒక నడివయసు ఆవిడ. రిపోర్టులన్నీ చూసి, దాచకుండా చెప్పింది. క్యాన్సరే. కాస్త చురుకైన రకమే. కానీ గ్రంథి దాటి బయటికి పోలేదు, ఎముకలకు పాకలేదు. నయం చెయ్యొచ్చు. ఆపరేషన్ ఒక్కటే దారి కాదు, ఈ వయసులో హార్మోన్ ఇంజక్షన్లు, రేడియేషన్ కూడా బాగానే పనిచేస్తాయంది.

“రెండేళ్ల క్రితం వస్తే?” అని అడిగాడు రావు.

“అప్పుడే తెలిస్తే బహుశా ఇంత వైద్యం అవసరమయ్యేది కాదేమో. ఖాయంగా చెప్పలేను. ఇంకో రెండేళ్లు ఆగి వస్తే మాత్రం ఈ మాటలు మీతో చెప్పగలిగేదాన్ని కాదు.”

రావు రామచంద్రం వైపు చూశాడు. రామచంద్రం గోడకున్న క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు.

ముందు ఇంజక్షన్లు మొదలయ్యాయి. వాటితో రావుకు ఒంట్లోంచి ఉన్నట్టుండి వేడి ఆవిర్లు తన్నుకొచ్చి, చెమటలు పట్టేవి. ఫ్యాను కింద కూర్చుని విసనకర్రతో విసురుకుంటుంటే సుందరమ్మ, “యాభయ్యేళ్లప్పుడు నాకిలా ఉంటే వంటింట్లో కిటికీ తెరుచుకోమన్నారు, గుర్తుందా?” అని నవ్వేది. నవ్వుతూనే తడిగుడ్డ తెచ్చి మెడ మీద వేసేది.

వేసవిలో రేడియేషన్. సోమవారం నుంచి శుక్రవారం దాకా, మొత్తం ఇరవై ఎనిమిది రోజులు. ఉదయ్ ఆఫీసుకు వెళ్తూ తండ్రిని ఆసుపత్రి దగ్గర దింపేవాడు. అప్పటికే రామచంద్రం బోరబండ నుంచి వచ్చి మెట్ల మీద నిలబడి ఉండేవాడు. లోపలికి వెళ్లే ముందు రావు అరలీటరు నీళ్లు తాగి, ముప్పావుగంట ఆపుకోవాలి. ఆ ముప్పావుగంట గడవడమే కష్టం.

“ఏదో ఒకటి మాట్లాడవోయ్” అనేవాడు రావు కాళ్లు దగ్గరికి నొక్కుకుంటూ.

రామచంద్రం మాట్లాడేవాడు. రోజుకొక మెషిన్ గురించి, రోజుకొక మనిషి గురించి. దసరా ఆయుధపూజకు మెషిన్లన్నీ కడిగి బంతిపూల దండలు వేసిన సంగతి. స్టోర్స్‌లో పనిచేసే పార్థసారథి జీతం రోజున కొత్త చెప్పులు కొనుక్కుని, అవి అరిగిపోతాయని చంకలో పెట్టుకుని నడిచిన సంగతి. ఆ మాటకు రావు పకపకా నవ్వి, “నవ్వించకోయ్, ఇక్కడే అయిపోతుంది!” అని కడుపు పట్టుకునేవాడు. పక్కన తమ వంతు కోసం నీళ్లు తాగి కూర్చున్న మిగతా ముసలివాళ్లు కూడా నెమ్మదిగా దగ్గరికి జరిగి వినేవారు. ఒకాయన తనూ సనత్‌నగర్‌లో ఫిట్టర్‌గా చేశానన్నాడు. ఆ మర్నాటి నుంచి ముగ్గురూ ఒకే వరసలో కూర్చున్నారు.

ఇరవై ఎనిమిదో రోజు పని పదకొండింటికే అయిపోయింది. కిందటి వారం చేయించిన పరీక్షలో రావు నంబరు సున్నా పాయింట్ ఆరుకు దిగింది. అంత తగ్గడం ఇంజక్షన్ల వల్లేననీ, రేడియేషన్ ఫలితం తేలడానికి ఇంకా చాలాకాలం పడుతుందనీ, ఏళ్ల తరబడి చూసుకుంటూ ఉండాలనీ డాక్టరు చెప్పింది. అయినా ఆ రోజు ఇద్దరికీ ఇంటికి పోబుద్ధి కాలేదు.

“బాలానగర్ పోదామా?” అన్నాడు రావు.

ఆటో మాట్లాడుకుని వెళ్లారు. ఫ్యాక్టరీ స్థలంలో సగం సరుకుల గోడౌను అయింది. మిగతా సగంలో అపార్ట్‌మెంటు లేస్తోంది. ఎదురు వరసలో మాత్రం చిన్న వర్క్‌షాపులు ఇంకా నడుస్తున్నాయి. ఒక షెడ్డులోంచి లేత్ మీద ఇనుము చెక్కుతున్న చప్పుడు వస్తోంది. ఇద్దరూ రోడ్డు పక్కన నిలబడిపోయారు.

“ఫీడ్ ఎక్కువ పెట్టిండు, పనిముట్టును జోరుగ తోస్తుండు” అన్నాడు రామచంద్రం చెవి రిక్కించి.

“ముక్క గరుకుగా వస్తుంది. నేనైతే వెనక్కి పంపేస్తాను” అన్నాడు రావు.

ఆ వాసనకూ, ఆ చప్పుడుకూ రావు ముఖం వెలిగిపోయింది. మెషిన్‌షాపు ఎక్కడిదాకా ఉండేదో, తన బల్ల ఏ కిటికీ కింద ఉండేదో చేతులతో గాలిలో చూపిస్తూ చెప్తున్నాడు. మధ్యలో ఆగాడు. డాక్టరు ముందే చెప్పింది, కొన్ని వారాలు మూత్రం ఉన్నట్టుండి వస్తుంది, ఆపుకోవడం కష్టమవుతుందని. చుట్టూ చూశాడు. దగ్గర్లో మరుగుదొడ్డి ఏదీ లేదు. గోడౌను గేటు వైపు నాలుగడుగులు వేసేసరికి అయిపోయింది. లేత రంగు ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి ముదురు రంగుకు తిరిగింది.

రావు అక్కడే కొయ్యబారిపోయాడు. కళ్లు మూసుకున్నాడు.

రామచంద్రం వచ్చి ఆయనకు అడ్డంగా నిలబడ్డాడు. భుజం మీది తువ్వాలు తీసి ఆయన నడుముకు చుట్టాడు. ఆగి ఉన్న లారీ వెనక్కి నడిపించి, “గీడనే ఉండుండ్రి సార్” అని రోడ్డు దాటాడు. బట్టల దుకాణంలో ఒక గళ్ల లుంగీ కొని తెచ్చాడు. రావు తడి ప్యాంటు విడిచి లుంగీ కట్టుకుంటున్నంతసేపూ అటు తిరిగి నిలబడి, ప్యాంటును మడిచి కవర్లో పెట్టాడు.

“ఎవరైనా చూశారా?” అన్నాడు రావు. 

“ఒక్కడు చూసిండు. మళ్ల ఫోన్ చూసుకుంట పోయిండు.”

రావు లుంగీ ముడి బిగించుకున్నాడు.

“అంతేనా?”

“అంతే సార్. ఇంకేముంటది?”

రావు కళ్లలో నీళ్లు తిరిగాయి. “అన్నయ్య దగ్గర ఎవరైనా ఒకళ్లు ఇలా నిలబడి ఉంటే బాగుండేదోయ్” అన్నాడు. “నేనే తలుపు తోసుకుని లోపలికి వెళ్లుండాల్సింది.”

రామచంద్రం కవరు చంకలో పెట్టుకున్నాడు. ఆయన చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాడు.

గచ్చిబౌలి చేరేసరికి ఒంటిగంట దాటింది. పైన చొక్కా టక్ చేసి, కింద గళ్ల లుంగీ కట్టుకుని ఉన్న భర్తను చూసి సుందరమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. రావు ఏ సాకూ చెప్పలేదు. కవరు ఆమె చేతికిచ్చి, “దారిలో ఆపుకోలేకపోయానే. ప్యాంటు తడిసింది” అన్నాడు.

ఆమె కవరు అందుకుంది. లుంగీని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది.

“రంగు బాగుంది. కాళ్లు కడుక్కుని రండి” అంది. “మీరూ రండి అన్నయ్యగారూ, పప్పు చల్లారిపోతోంది.”